పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఓటు వేసే శ్రమ ఎవరి వంతు?

ఇతర ప్రజాస్వామ్య దేశాల ఎన్నికల చట్టాలను మన చట్టంతో పోల్చి చెప్పమని కోరుతూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటిని కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మాది మెట్ట ఊరు. నా ఇద్దరు కొడుకులు బెంగళూరులో తాపీ పనికి పోయారు. 2024 మే 13న పెద్దవాడు రాత్రంతా బస్సులో నిలబడి వచ్చి ఓటు వేసి పోయాడు. చిన్నవాడిని మేస్త్రీ పంపలేదు, చార్జీలకూ కుదరలేదు. డబ్బులు ఫోనులో పంపగలిగే కాలంలో ఓటు ఎందుకు పంపలేకపోతున్నాడు? వేరే దేశాలలో ఊరు విడిచి పోయినవాళ్ల ఓటు ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని అన్నిటికంటే ముందు పెట్టడానికి కారణం ఉంది. ఏ దేశపు ఎన్నికల చట్టాన్ని చదివినా నేను మొదట చూసేది, ఓటు పెట్టెలో పడేదాకా పట్టే శ్రమ ఎవరి వంతుకు వచ్చిందన్నదే. ఓటరు జాబితాలో పేరు చేర్చే విషయంలో మన చట్టం మంచి వైపే ఉంది, ఎందుకంటే బూత్ స్థాయి అధికారి గడప దాకా వచ్చి పేర్లు రాసుకునే ఏర్పాటు మనకు ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాలలో పౌరుడే పూనుకుని గడువులోగా తన పేరు నమోదు చేయించుకోవాలి. జర్మనీలో ఎవరు ఎక్కడ కాపురం ఉంటే అక్కడి పురపాలక కార్యాలయంలో చిరునామా రాయించడం తప్పనిసరి కాబట్టి, ఆ లెక్కల నుంచే ఓటరు జాబితా తయారై, ఎన్నికకు ముందు ఇంటికి కబురు వస్తుంది. అయితే పేరు ఉన్న ఊరు ఒకటి, పొట్టకూటి ఊరు మరొకటి అయినప్పుడు మాత్రం మన చట్టం ఆ శ్రమ మొత్తాన్ని ఓటరు నెత్తినే పెట్టింది.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించే చోట మాత్రమే, అదీ ఒకే నియోజకవర్గంలో మాత్రమే పేరు ఉండాలి. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ నివాసం పోదని కూడా అదే చట్టం చెబుతుంది. మీ చిన్నవాడు కావాలనుకుంటే పేరును బెంగళూరుకు మార్పించుకోవచ్చు, కానీ ఆరు నెలలకొక కట్టడం మారే తాపీ మనిషికి చిరునామా ఏది? పైగా అతని రేషన్ కార్డు, తల్లిదండ్రులు, పొలం, తాగునీటి గొడవ అన్నీ కనిగిరిలో ఉండగా కర్ణాటక శాసనసభ్యుడిని ఎన్నుకుని అతను ఏం చేసుకోవాలి? పోలింగు నాడు దినకూలీకి కూడా జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ నిర్దేశిస్తున్నది గానీ, ఉల్లంఘించిన యజమానికి అందులో ఉన్న జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. ఆ మొత్తానికి భయపడి ఏ మేస్త్రీ సెలవు ఇస్తాడు?

ఆస్ట్రేలియాలో ఓటరు తన రాష్ట్రంలో ఏ పోలింగు కేంద్రానికి వెళ్లినా సొంత నియోజకవర్గపు ఓటు వేయవచ్చు. వేరే రాష్ట్రంలో ఉంటే అందుకోసం విడిగా కేంద్రాలు తెరుస్తారు, పోలింగు తేదీకి ముందుగానో తపాలా ద్వారానో వేసే వీలు కూడా ఉంది. బ్రిటన్‌లో 2000 సంవత్సరపు చట్టం తరువాత, ఉత్తర ఐర్లండ్ మినహా, కారణం చెప్పనక్కరలేకుండానే ఎవరైనా తపాలా ఓటు అడగవచ్చు. ఫ్రాన్స్‌లో రాలేని ఓటరు తన బదులు మరొకరికి అధికారపత్రం రాసి ఇస్తే, ఆ మనిషి ఇతని బూత్‌కు వెళ్లి ఓటు వేస్తాడు. ఎస్తోనియా 2005 నుంచి ఇంటర్నెట్ ఓటును అనుమతిస్తున్నది, 2023 పార్లమెంటు ఎన్నికలో సగానికి పైగా ఓట్లు అలా వచ్చినవే.

వీటిలో దేనినైనా ఉన్నది ఉన్నట్టు ఎత్తుకుని వచ్చి ఇక్కడ నాటవచ్చునా అంటే, నాకు సందేహమే. ఇంటికి వచ్చిన బ్యాలెట్ పత్రం ఇంటి పెద్ద చేతికో, పని ఇప్పించినవాడి చేతికో పోవడం మన పల్లెలు ఎరిగినవారికి ఊహించడం కష్టం కాదు. బ్రిటన్ వంటి దేశంలోనే 2004 బర్మింగ్‌హామ్ నగరపాలక ఎన్నికలలో తపాలా ఓట్ల మోసం బయటపడి, రెండు వార్డుల ఎన్నికను మరుసటి ఏడాది రద్దు చేయవలసి వచ్చింది. బలవంతానికి ఎస్తోనియా ఒక విరుగుడు కనిపెట్టింది: ఒకసారి ఓటు వేసినవాడు గడువులోగా ఎన్నిసార్లయినా మార్చి వేయవచ్చు, చివరిదే లెక్క. ఎదుట కూర్చుని వేయించినవాడికి చివరికి ఏది నిలిచిందో తెలియదు. అయితే ఆ దేశ జనాభా పదమూడు లక్షలు, పైగా పౌరులందరికీ కంప్యూటర్ సంతకానికి పనికివచ్చే గుర్తింపు కార్డు ఉంది.

మన చట్టంలోనే తలుపులు కొన్ని తెరిచి ఉన్నాయన్నది ఎక్కువమందికి తెలియదు. సైనికులు తపాలా ఓటే కాక, 2003 నుంచి ప్రతినిధి ద్వారా ఓటు కూడా వేయవచ్చు. కాశ్మీరు లోయ విడిచి వచ్చినవారికి జమ్మూలోనూ ఢిల్లీలోనూ ప్రత్యేక బూత్‌లు పెడుతున్నారు. 85 ఏళ్లు దాటిన వృద్ధుల ఇంటికి పెట్టె వెళుతున్నది. 72 నియోజకవర్గాల ఓట్లను ఒకే బూత్‌లో తీసుకోగల యంత్రపు నమూనాను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిచి చర్చకు పెట్టింది, ఎక్కువ పార్టీలు అభ్యంతరం చెప్పడంతో అది అక్కడితో ఆగింది. ఏజెంట్లను అన్ని ఊళ్లలో ఎట్లా పెట్టుకోవాలన్న పార్టీల భయంలో నిజం ఉంది. అయినా బెంగళూరులో పదిమంది తెలుగు ఏజెంట్లను కూర్చోబెట్టడం, వేలమంది కూలీలు రాత్రి బస్సుల్లో నిలబడి రావడంకంటే తేలికైన పని అని నా అభిప్రాయం. మీ చిన్నకొడుకు ఓటు కనిగిరిలోనే ఉండాలి, దాన్ని వేసే బూత్ అతను ఉన్న ఊళ్లో ఉండాలి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఓటు వేయనివారికి జరిమానా అని విన్నాను. మన దేశంలోనూ అలా చేస్తే చదువుకున్నవారు ఇళ్లలో కూర్చోరు కదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు విన్నది నిజం. అక్కడ 1915లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం మొదలుపెట్టింది. 1922 జాతీయ ఎన్నికలో పోలింగు 60 శాతానికి లోపు పడిపోగా, 1924లో దేశమంతటికీ నిర్బంధ ఓటు చట్టం చేశారు. 1925లో పోలింగు 91 శాతం దాటింది, అప్పటి నుంచి తొంభైకి అటూ ఇటూగానే ఉంటున్నది. సరైన కారణం లేకుండా రానివారికి జాతీయ ఎన్నికలలో జరిమానా 20 డాలర్లు. రహస్య ఓటు కాబట్టి లోపలికి పోయి ఖాళీ పత్రం వేసినా పట్టుకునేవారు లేరు, చట్టం ఆచరణలో అడిగేది హాజరు మాత్రమే.

అయితే ఆ జరిమానా పక్కన ఇంకేమేమి ఉన్నాయో చూడాలి. పోలింగు శనివారం జరుగుతుంది. బడి ఆవరణలో పిల్లల తల్లిదండ్రులు రొట్టెలో సాసేజి పెట్టి అమ్ముతుంటే కుటుంబాలు తీరుబడిగా వచ్చి ఓటు వేసి పోతాయి. ఎక్కడినుంచైనా ఓటు వేసే సదుపాయాల సంగతి పైన చెప్పాను. ముందు తాను చేయవలసినదంతా చేసి, ఆ తరువాతనే ప్రభుత్వం పౌరుడిని నువ్వెందుకు రాలేదని అడుగుతున్నది. ఆ క్రమం తలకిందులైతే చట్టం అన్యాయమవుతుంది. ఆస్ట్రేలియా చరిత్రలోనే మరో పాఠం ఉంది: అక్కడి ఆదిమవాసులందరికీ జాతీయ ఎన్నికలలో ఓటు హక్కు వచ్చింది 1962లో, వారికి అది విధిగా మారింది 1984లో.

మన దేశంలో గుజరాత్ స్థానిక సంస్థల కోసం 2009లో నిర్బంధ ఓటు బిల్లును ఆమోదించింది, 2014లో గవర్నర్ సమ్మతి లభించింది, 2015లో హైకోర్టు నిలిపివేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఏ జరిమానా భయమూ లేకుండానే దాదాపు 82 శాతం మంది ఓటు వేశారు. రానివారిలో మీరన్న చదువుకున్న బద్ధకస్తులు ఉన్నారు, కాదనను. కానీ జరిమానా నోటీసు ముందుగా చేరేది పై ఉత్తరంలోని చిన్నకొడుకుకు. అందుకే ఇప్పుడున్న స్థితిలో ఈ చట్టాన్ని నేను సమర్థించలేను.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో చదువుతున్నది. అక్కడి పార్లమెంటు ఎన్నికలో ఓటు వేయవచ్చునని స్నేహితులు చెప్పారట. భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లకు పరాయి దేశంలో ఓటేమిటి?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: స్నేహితులు చెప్పినది సరైనదే. మన దేశంతో సహా కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధమైన అనుమతితో బ్రిటన్‌లో నివసిస్తుంటే, 18 ఏళ్లు నిండినవారు అక్కడి జాబితాలో పేరు నమోదు చేసుకుని పార్లమెంటు ఎన్నికలలో కూడా ఓటు వేయవచ్చు. పాత సామ్రాజ్యపు రోజుల నుంచి మిగిలిన ఏర్పాటు ఇది. పోలింగు కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలన్న నియమం ఇంగ్లండులో 2023 మే స్థానిక ఎన్నికలతో అమలులోకి వచ్చింది కాబట్టి, అది వెంట ఉండాలి. న్యూజిలాండ్ ఇంకా ముందుకు పోయి, శాశ్వత నివాసం పొందిన విదేశీయులకు ఏ దేశస్థులన్న తేడా లేకుండా ఓటు ఇస్తున్నది.

మీ అమ్మాయి సింగరాయకొండలో కూడా ప్రవాస ఓటరుగా ఉండవచ్చు. కానీ ఓటు వేయాలంటే విమానమెక్కి వచ్చి బూత్‌లో పాస్‌పోర్టు చూపవలసిందే. 2024 లోక్‌సభ ఎన్నికలకు అలా నమోదైనవారు లక్షకు పైగా ఉంటే, వచ్చి ఓటు వేసినవారు 3,000 మందికి లోపే. వారికి ప్రతినిధి ఓటు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ ఆమోదం పొంది, రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. ఫ్రాన్స్ విదేశాలలోని తన పౌరుల కోసం జాతీయ సభలో ఏకంగా 11 నియోజకవర్గాలే కేటాయించింది.

ప్రశ్న: ఓట్ల శాతానికీ సీట్ల సంఖ్యకూ పొంతన లేని మన పద్ధతికంటే, ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచే జర్మనీలోని దామాషా పద్ధతి న్యాయమైనది కాదా? మనం ఎందుకు మార్చుకోకూడదు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: మీ ప్రశ్నకు లెక్కలు మన ఇంట్లోనే ఉన్నాయి. 2019లో వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లతో 151 సీట్లు వచ్చాయి, తెలుగుదేశానికి దాదాపు 39 శాతంతో 23 వచ్చాయి. 2024లో వైఎస్ఆర్ కాంగ్రెస్ అదే 39 శాతం దగ్గర నిలిచి 11 సీట్లతో సరిపెట్టుకున్నది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని పది స్థానాలూ మొదటిసారి ఒక పార్టీకి, రెండోసారి మరొక పార్టీకి మొత్తంగా పోయాయి. పొత్తుల తేడా ఉన్న మాట నిజమే గానీ, ప్రతి పదిమంది ఓటర్లలో నలుగురు కోరుకున్న పార్టీకి 175 మంది సభలో ప్రధాన ప్రతిపక్ష హోదాకు తగినంత బలం కూడా దక్కకపోవడం రెండు పార్టీల అభిమానులూ ఆలోచించవలసిన విషయం. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే ఈ పద్ధతి మనకు వచ్చింది బ్రిటన్ నుంచి. అక్కడ 2024లో లేబర్ పార్టీ 34 శాతానికి లోపు ఓట్లతో 650లో 400కు పైగా సీట్లు గెలిచింది.

జర్మన్ ఓటరు రెండు గుర్తులు పెడతాడు, ఒకటి నియోజకవర్గపు అభ్యర్థికి, రెండవది పార్టీకి. సభలో ఎవరికి ఎన్ని స్థానాలన్నది రెండవ ఓటే తేలుస్తుంది. కానీ ఈ న్యాయానికీ ఒక ఖరీదు ఉంది. దేశమంతటా 5 శాతం ఓట్లు, లేదా మూడు నియోజకవర్గాలు గెలవని పార్టీకి వాటా లేదు. 2025 ఫిబ్రవరి ఎన్నికలో ఒక కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి ఒక్క సీటు కూడా లేకుండా మిగిలింది. సభను 630 స్థానాలకు కుదించిన 2023 సవరణ వల్ల అదే ఎన్నికలో 23 నియోజకవర్గాలలో మొదటి స్థానంలో నిలిచినవారికే సభ్యత్వం దక్కలేదు, ఎందుకంటే వారి పార్టీ ఓటు వాటా అంతమందికి సరిపోలేదు. దర్శిలోనో మార్కాపురంలోనో అత్యధిక ఓట్లు వచ్చిన మనిషిని లెక్కల కారణంగా శాసనసభకు రావద్దంటే మన జనం ఒప్పుకుంటారా? దామాషా పద్ధతిలో ప్రభుత్వాలు ఏర్పడటమూ ఆలస్యం కావచ్చు. భాషాభేదాలు కూడా తోడైన బెల్జియంలో 2010 ఎన్నిక తరువాత మంత్రివర్గం కుదరడానికి 541 రోజులు పట్టింది.

పద్ధతి మార్చుకున్నవారిలో నేను ఎక్కువగా గౌరవించేది న్యూజిలాండ్‌ను. 1978లోనూ 1981లోనూ ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ తక్కువ సీట్లతో ఓడిపోవడం చూసి అక్కడి ప్రజలకు పట్టింపు కలిగింది. 1993లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 1996 నుంచి జర్మనీని పోలిన పద్ధతికి మారారు. 2011లో మళ్లీ జనాన్నే అడిగి ఉంచుకున్నారు. 1867 నుంచి అక్కడి ఆదిమవాసులైన మావోరీలకు ప్రత్యేకించిన నియోజకవర్గాలను కూడా కొత్త పద్ధతిలో చెదరనీయలేదు. కొండపి, సంతనూతలపాడు, యర్రగొండపాలెం వంటి రిజర్వుడు స్థానాలు ఉన్న మనకు ఆ చివరి అంశం ముఖ్యమైనది, ఎందుకంటే దామాషా జాబితాలలో దళిత అభ్యర్థుల పేర్లు ఏ వరుసలో ఉండాలో చట్టమే చెప్పకపోతే పార్టీ కార్యాలయాలు చెబుతాయి.

ఐర్లండులో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ఇష్టానుసారం అంకెలు వేస్తాడు, ఒక్కో నియోజకవర్గం నుంచి అనేకమంది గెలుస్తారు. ఇది మనకు కొత్తదేమీ కాదు, రాజ్యసభ సభ్యులను మన శాసనసభ్యులు ఎన్నుకునేది ఈ పద్ధతిలోనే. మీరు నా అభిప్రాయం అడిగితే, ఒకేసారి శాసనసభకు పోకుండా ముందుగా నగరపాలక సంస్థలలో ఏదో ఒక దామాషా పద్ధతిని పరీక్షించి చూడాలని అంటాను.

ప్రశ్న: అభివృద్ధి చెందిన దేశాలే కాగితం మీద ఓటు వేస్తుంటే మనకు యంత్రాలెందుకు?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఇచ్చిన తీర్పు ఈ చర్చకు మూలం. 2005 ఎన్నికలో వాడిన యంత్రాలలో మోసం జరిగిందని కోర్టు అనలేదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు ఎన్నికలోని ముఖ్యమైన దశలను తానే సరిచూసుకోగలగాలని, ఆ యంత్రాలలో అది కుదరదని చెప్పింది. నెదర్లాండ్స్ కూడా యంత్రాల భద్రత మీద అనుమానాలు రుజువయ్యాక కాగితానికి తిరిగి వచ్చింది. ఐర్లండ్ ఐదు కోట్ల యూరోలకు పైగా పెట్టి కొన్న యంత్రాలను చివరికి తుక్కు కింద అమ్మేసింది. మరోవైపు బ్రెజిల్ 1996లో మొదలుపెట్టి 2000 నాటికి దేశమంతటా యంత్రాలు వాడుతున్నది, అక్కడ కాగితపు చీటీ లేనే లేదు.

ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఉదయగిరి వైపు గ్రామాలలో నేను రెండు పద్ధతులలోనూ పోలింగు విధులు చేశాను. బ్యాలెట్ కాలంలో నలుగురు మనుషులు లోపలికి దూసుకు వస్తే కట్టలకు కట్టలు గుద్ది పోవడానికి ఎంతో సేపు పట్టేది కాదు. యంత్రం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు, అనుమానం వస్తే ఒక మీట నొక్కి మూసేయవచ్చు. జర్మనీకి ఈ బాధ లేదు కాబట్టి దాని జవాబు దానికి సరిపోయింది.

కానీ జర్మన్ కోర్టు వేసిన ప్రశ్న మాత్రం మనకూ వర్తిస్తుంది. ఓటు ఎవరికి పడిందో ఓటరుకు చూపడానికి 2013లో మొదలైన వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు బూత్‌ల చీటీలను లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, మొత్తం లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్‌లో తోసిపుచ్చింది. యంత్రాలు ఉండాలని, లెక్కించే చీటీల సంఖ్య మాత్రం బాగా పెరగాలని నా నమ్మకం. ఫలితం ఒక పూట ఆలస్యమైనా నష్టం లేదు. ఏ పార్టీ వారైనా ఏజెంటుగా కూర్చుంటే, పోలింగు ముగిశాక ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన 17సి పత్రం నకలు చేతికి తీసుకోకుండా బూత్ వదలవద్దు. ఆ బూత్‌లో పడిన ఓట్ల సంఖ్యకు మామూలు మనిషి చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

ప్రశ్న: అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉందంటారు, ఊళ్లో కళ్లకు కనిపించే ఖర్చు వేరు. వేరే దేశాలలో ఈ చట్టం పనిచేస్తున్నదా?
– ఒక పాఠకుడు, దర్శి

జవాబు: మన రాష్ట్రంలో 2022 జనవరి సవరణ ప్రకారం అభ్యర్థి ఖర్చు పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజులలో లెక్క అప్పజెప్పకపోతే మూడేళ్ల అనర్హత వేటు పడవచ్చు. ఇంతవరకు గట్టిగానే ఉంది. కానీ పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. 1974లో ఢిల్లీ సదర్ నియోజకవర్గపు కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, నెల తిరగకుండానే ఆర్డినెన్సు తెచ్చి 1951 నాటి చట్టంలోని 77వ సెక్షన్‌కు వివరణ చేర్చి ఆ తీర్పును పనికిరాకుండా చేశారు. మన ఎన్నికల ఖర్చు చరిత్రలో ఇంతకంటే హాని చేసిన సవరణ మరొకటి లేదని నేను అనుకుంటాను.

బ్రిటన్‌లో ఓట్ల కొనుగోలు ఒకనాడు మనకంటే అధ్వానంగా ఉండేది. 1883లో చట్టం చేసి అభ్యర్థి ఖర్చుకు హద్దు పెట్టి, ఆ ఖర్చు అంతా ఒక ఏజెంటు చేతి మీదుగానే జరగాలన్నారు. 2000లో పార్టీల జాతీయ ఖర్చుకూ హద్దు పెట్టారు. టీవీలో డబ్బు ఇచ్చి రాజకీయ ప్రకటన వేయించుకోవడం అక్కడ నిషిద్ధం. ఫ్రాన్స్‌లోనూ అంతే, పైగా తగినన్ని ఓట్లు వచ్చి లెక్కలు సక్రమంగా ఉన్న అభ్యర్థికి ప్రభుత్వమే ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంది. 2012 అధ్యక్ష ఎన్నికలో పరిమితి మించి ఖర్చు చేసినందుకు మాజీ అధ్యక్షుడు నికోలా సర్కోజీకి 2021లో శిక్ష పడింది, 2024లో అప్పీలు కోర్టు కూడా దోషిగానే నిర్ధారించింది. జపాన్‌లో ఇంటింటికీ తిరిగి ఓటు అడగడమే 1925 నుంచి నిషిద్ధం, గడప లోపల డబ్బు చేతులు మారుతుందన్న భయమే అందుకు చెప్పే కారణం. అమెరికా పూర్తిగా వేరే దారి పట్టింది. ఖర్చుకు హద్దు పెట్టడం వాక్ స్వాతంత్ర్యాన్ని అడ్డుకోవడమేనని అక్కడి సుప్రీంకోర్టు 1976లో తీర్పు ఇచ్చింది, 2010లో కంపెనీలకూ ఆ స్వేచ్ఛను విస్తరించింది. అయినా అక్కడ కూడా అభ్యర్థికి నేరుగా చందా ఇచ్చినవారి పేర్లు బయటపెట్టవలసిందే. మన ఎన్నికల బాండ్లలో ఆ వెలుగు కూడా లేనందునే 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది.

బ్రిటన్ చట్టం పనిచేయడానికి శిక్షకంటే లెక్క ఒకే చేతి మీదుగా నడవడమే ముఖ్య కారణమని నాకు తోస్తుంది. దర్శిలో మీరు కళ్లారా చూసిన ఖర్చు ఏ ఒక్కరి లెక్కలోనూ లేకపోవడానికి కారణం, అది పార్టీదా, అభ్యర్థిదా, అభిమానిదా అని తేల్చే భారం ఫిర్యాదు చేసినవాడి మీద ఉండటమే. ఆ భారం అభ్యర్థి మీదికి మారనంత కాలం పరిమితిని పెంచినా తగ్గించినా ఒక్కటే.

ప్రశ్న: మా అల్లూరు ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం. 2009 నాటికి లేకుండా పోయింది. మమ్మల్ని అడగకుండా దాన్ని ఎవరు తీసివేశారు? ఇతర దేశాలలో ఇట్లా జరుగుతుందా?
– ఒక పాఠకుడు, అల్లూరు

జవాబు: 2002 నాటి చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ 2008లో కొత్త హద్దులు నిర్ణయించింది. మీ అల్లూరుతో పాటు రాపూరు, ప్రకాశం వైపు కంభం, మార్టూరు నియోజకవర్గాలూ అప్పుడే పోయాయి. మీ మండలం కావలిలో కలిసింది. జనాభా ప్రకారం నియోజకవర్గాలను సరిచేయడం న్యాయమే అయినా, నియోజకవర్గ కేంద్రపు గుర్తింపుతో బతికిన ఊరికి అది చిన్న దెబ్బ కాదని నాకు తెలుసు.

అయినా హద్దులు గీసే చెయ్యి ఎవరిదన్న విషయంలో మనది మెరుగైన చట్టాలలో ఒకటి. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలలో శాసనసభలో మెజారిటీ ఉన్న పార్టీయే తన గెలుపుకు అనుకూలంగా గీతలు గీసుకుంటుంది. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెరీ కాలంలో గీసిన ఒక వంకరటింకర నియోజకవర్గం బల్లి ఆకారంలో ఉందని పత్రికలు ఎద్దేవా చేయగా, ఈ అలవాటుకు ఆయన పేరుతోనే జెరీమాండరింగ్ అన్న మాట పుట్టింది. పార్టీ ప్రయోజనం కోసం గీసిన హద్దులలో జాతీయ న్యాయస్థానాలు కలుగజేసుకోలేవని అక్కడి సుప్రీంకోర్టు 2019లో చేతులెత్తేసింది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు పౌరుల కమిషన్లు పెట్టుకున్నాయి. కెనడా 1964 నుంచి ప్రతి రాష్ట్రానికీ స్వతంత్ర కమిషన్ వేసి, ఊరూరా బహిరంగ విచారణ జరిపి గీస్తున్నది. నెల్లూరు జిల్లాలో గెలిచిన పార్టీ ఏదైనా, కోవూరు హద్దును తన ఇష్టప్రకారం జరుపుకోలేదు. మన కమిషన్‌లో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు శాసనసభ్యులు సహసభ్యులుగా కూర్చుంటారు గానీ వారికి ఓటు లేదు. ఆ ఒక్క నియమం విలువ అమెరికాను చూసినప్పుడే అర్థమవుతుంది.

రాష్ట్రాల మధ్య సీట్ల సంఖ్యను 2026 తరువాత జరిగే తొలి జనగణన దాకా రాజ్యాంగపు 84వ సవరణ ఆపి ఉంచింది. మన శాసనసభను 175 నుంచి 225కు పెంచాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం చెప్పినా, అది కూడా రాజ్యాంగపు ఈ నిబంధనకు లోబడే ఉంది. తరువాతి కమిషన్ వచ్చినప్పుడు ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, బహిరంగ విచారణ జరపడం చట్టప్రకారం దాని విధి. అల్లూరు మండలం చుట్టూ చెరువులు, కాలువలు, సముద్రపు ఒడ్డు ఏ ఊరిని ఏ ఊరితో కలుపుతున్నాయో, రైతులు ఏ ఊరి సంతకు పోతారో, ఏ ఆసుపత్రికి పోతారో పటం గీసి, గ్రామసభ తీర్మానాలతో సహా ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. విచారణ తేదీ ప్రకటించాక మిగిలే సమయం ఆ పనికి చాలదు.